గ్యాస్ బాయిలర్ మార్పించాలి: ముగ్గురు మూడు ధరలు చెప్పారు, ఎవరికి పని అప్పగించాలి?

రీడింగ్_కొత్తకాపు | నవంబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంగ్లండులోని రీడింగు ఊళ్ళో ఇల్లు కొనుక్కుని చేరి మాకు ఏడాది నిండింది. మూడు పడకగదులు, రెండు స్నానాల గదులు ఉన్న సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే పక్కింటితో ఒక గోడ కలిసి ఉంటుంది. రేడియేటర్లతో గదులనూ, కుళాయి నీళ్ళనూ వేడిచేసే బాయిలర్ వంటింటి గోడకు ఉంది; అది 2003 నాటిదని పాత యజమాని ఇచ్చిన కాగితాల్లో ఉంది. పై అంతస్తు అలమరలో వేడినీళ్ళు నిల్వ ఉండే సిలిండరు, అటక మీద ఒక పెద్ద ట్యాంకు, ఒక చిన్న ట్యాంకు ఉన్నాయి. గత వారం నుంచి బాయిలర్ రోజుకు రెండు మూడుసార్లు ఆగిపోతున్నది. మీట నొక్కితే వెలుగుతుంది, కాసేపటికి మళ్ళీ అదే తంతు. సర్వీసుకు వచ్చిన ఆయన, విడిభాగాలు దొరకడం కష్టమనీ, దొరికినా ఇంత పాతదానికి డబ్బు పోయడం దండగనీ చెప్పి వెళ్ళారు.

కొత్తది పెట్టించడానికి ముగ్గురిని అడిగాను. మొదటి ఆయన ఫోనులోనే ఐదు నిమిషాల్లో 1,950 పౌండ్లు అన్నారు. రెండవది ఇంటర్నెట్ కంపెనీ. నాలుగు ఫొటోలు పంపమని, అవి చూసి 2,700 అన్నారు. మూడవ ఆయన స్వయంగా ఇంటికి వచ్చి గంటన్నర సేపు ఇల్లంతా తిరిగి, మరునాడు రెండు పేజీల కాగితం పంపి 3,150 అన్నారు. మొదటి ఇద్దరూ సిలిండరు తీసేసి కాంబి, అంటే కుళాయి తిప్పినప్పుడు అప్పటికప్పుడు నీళ్ళు వేడిచేసే బాయిలర్, పెట్టుకోమంటున్నారు. మూడవ ఆయన మాత్రం సిలిండరు ఉంచుకోవడమే మంచిదంటున్నారు. ఊళ్ళో ఉన్నంతకాలం గీజరు తప్ప మరొకటి ఎరగని వాణ్ణి కాబట్టి ఇందులో ఎవరి మాట సబబో తేల్చుకోలేకపోతున్నాను. డిసెంబరు 6న గుంటూరు నుంచి మా అత్తగారు, మామగారు వస్తున్నారు. ఆలోగా పని పూర్తి కావాలి. మీ అనుభవం చెప్పగలరు.

థేమ్స్_ఒడ్డు | నవంబరు 9, రాత్రి 10:15

ధరల సంగతి తరువాత చూద్దాం, ముందుగా ఆ ముగ్గురూ గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉన్నారో లేదో చూడండి. ఈ దేశంలో ఇంటి గ్యాస్ పనిని డబ్బు తీసుకుని చేయాలంటే ఆ నమోదు తప్పనిసరి. ఇంగ్లండు, స్కాట్లాండు, వేల్సుల్లో 2009 ఏప్రిల్ 1 దాకా కోర్గి అనే నమోదు ఉండేది. ఆనాటి నుంచి దాని స్థానంలో గ్యాస్ సేఫ్ వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా తమ వ్యాను మీద కోర్గి ముద్ర చూపించి అదే అర్హత అంటే రెండో మాట లేకుండా వదిలేయండి.

ప్రతి ఇంజనీరుకూ ఫొటో, లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉన్న గుర్తింపు కార్డు ఉంటుంది. ఆ కార్డు వెనక్కి తిప్పి చూడడం మరచిపోకండి. ఆయన ఏయే పరికరాల మీద పని చేయవచ్చో ఆ వెనకవైపే ఉంటుంది. గ్యాస్ పొయ్యికి మాత్రమే అర్హత ఉన్న మనిషి బాయిలర్ ముట్టుకోకూడదు.

పైపుల_పంతులు | నవంబరు 10, ఉదయం 7:05

నేను స్లౌ చుట్టుపక్కల పద్నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం విడమరచి రాస్తాను. మన ఇళ్ళలో ఇంజనీరంటే బీటెక్ చదివిన వాడు. ఇక్కడ బాయిలర్ బిగించే మాబోటి వాళ్ళనూ ఇంజనీర్లనే అంటారు. ఆ మాటకు ఈ దేశంలో చట్టపరంగా విలువ ఏమీ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. విలువంతా పైన చెప్పిన కార్డుది. అయితే ఆ కార్డు కనీస అర్హత మాత్రమే. కార్డు ఉన్నవాళ్ళలోనూ ఇల్లు చూసి బాయిలర్ ఎంచేవాళ్ళు ఉన్నారు, వ్యానులో ఉన్న బాయిలర్‌ను ఏ ఇంటికైనా తగిలించేవాళ్ళూ ఉన్నారు.

వాళ్ళను వేరు చేయడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే: ధర చెప్పకముందు ఆ మనిషి ఏమేమి కొలిచాడు? గ్యాస్ మీటరు నుంచి బాయిలర్ దాకా గొట్టం ఎంత పొడవుంది, ఎంత లావుంది అనేది మొట్టమొదటి కొలత. మీటరు దగ్గర గ్యాస్ ఒత్తిడి 21 మిల్లీబార్లు ఉంటుంది. బాయిలర్ పూర్తి శక్తితో మండుతున్నప్పుడు దాన్ని చేరేసరికి దారిలో ఒక మిల్లీబారుకు మించి తగ్గకూడదు. పాత ఇళ్ళలో 15 మిల్లీమీటర్ల రాగి గొట్టం వేసి ఉంటుంది. అప్పటి చిన్న బాయిలర్‌కు అది సరిపోయింది, 30 కిలోవాట్ల కాంబికి సరిపోదు. చాలాచోట్ల 22 మిల్లీమీటర్ల గొట్టం కొత్తగా వేయాలి, అంటే నేల చెక్కలు లేపాలి, సగం రోజు పని. ఫోనులో ధర చెప్పిన ఆయన ఆ గొట్టాన్ని ఎలా చూశాడు? చూడలేదు. అందుకే 1,950 అయింది.

రెండవది నీళ్ళ ధార. వంటింటి కుళాయి పూర్తిగా తిప్పి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో కొలవాలి. కాంబి అనేది వచ్చిన నీళ్ళను వేడి చేసి పంపుతుందే గాని లేని నీళ్ళను పుట్టించదు. మూడవది కండెన్సేట్ గొట్టం. మీది 2003 బాయిలర్ కాబట్టి బహుశా కండెన్సింగ్ రకం కాదు. ఇంగ్లండులో 2005 ఏప్రిల్ నుంచే అవి తప్పనిసరి అయ్యాయి. కొత్త బాయిలర్ పొగలోని ఆవిరిని నీరుగా మార్చుకుని ఆ వేడిని కూడా వాడుకుంటుంది, ఆ నీరు రోజూ లీటర్ల కొద్దీ బయటికి పోవాలి. మీ ఇంట్లో దానికి ఇప్పుడు దారి లేదు, కొత్తగా చేయాలి. ఎటువైపు నుంచి తీసుకువెళ్తారని ముగ్గురినీ అడిగి చూడండి, ఎవరు ఇల్లు చూశారో జవాబులోనే తెలిసిపోతుంది.

రీడింగ్_కొత్తకాపు | నవంబరు 10, ఉదయం 10:30

పంతులు గారూ, మీరు రాసింది చదువుతుంటే ఆ మూడవ ఆయన చేసిన పనులన్నీ వరుసగా కళ్ళ ముందు కదిలాయి. ఆయన వచ్చీ రాగానే మూత తీసి బాయిలర్ చూస్తారనుకున్నాను. ఆయన మాత్రం సంచిలోంచి గీతలున్న ప్లాస్టిక్ పాత్ర ఒకటి తీసి కుళాయి కింద పట్టి, గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. పదకొండు లీటర్లని రాసుకున్నారు. తరువాత మెట్ల కింద ఉన్న మీటరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టార్చిలైటు వేసి, గొట్టం ఎటు పోతున్నదో వేలితో గోడ మీద గీసి చూపించారు. పదకొండు మీటర్లకు పైగా 15 మిల్లీమీటర్ల గొట్టమే ఉందనీ, ఏ కొత్త బాయిలర్ పెట్టినా 22 వేయవలసిందేననీ అప్పుడే చెప్పారు. ప్రతి గదిలో రేడియేటర్ పొడవు, ఎత్తు కొలిచారు. మా పాప చదువుకుంటున్న గదికి మూడు వైపులా బయటి గోడలే కదా, ఈ రేడియేటర్ ఆ గదికి చిన్నది అన్నారు. నిజానికి ఆ గది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, కిటికీ లోపమనుకున్నాం.

ఇదంతా చూసి, ధర పెంచడానికి ఇలా హడావిడి చేస్తున్నారేమోనని ఆ రోజు అనుమానించాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మిల్టన్_కీన్స్_మామ | నవంబరు 10, మధ్యాహ్నం 2:20

నా కథ కూడా వినండి, పనికొస్తుంది. మూడేళ్ళ క్రితం అందరికంటే తక్కువ ధర చెప్పిన సంస్థకు అప్పగించాను. పేరు రాయను. ఒక్క రోజులో పని ముగించి, డబ్బు తీసుకుని, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. తొలి చలికాలం ఒక ఆదివారం తెల్లవారుజామున ఇల్లంతా మంచుగడ్డలా ఉంది, బాయిలర్ గుడగుడమని శబ్దం చేసి ఆగిపోయింది. పక్కింటి పెద్దాయన వచ్చి బయటి గోడ మీద సన్నటి తెల్ల కండెన్సేట్ గొట్టం చూపించి, ఇదే గడ్డకట్టిందన్నారు. ఇంటి లోపల వేసే 21.5 మిల్లీమీటర్ల గొట్టాన్ని తొడుగు కూడా లేకుండా నాలుగు మీటర్లు ఆరుబయట పారించారు. ఆరుబయట పోయే భాగం కనీసం 32 మిల్లీమీటర్ల గొట్టమై, దాని మీద తొడుగు ఉండాలని తరువాత తెలిసింది. ఆ రోజు గోరువెచ్చని నీళ్ళు పోసి పోసి కరిగించాం. మరిగే నీళ్ళు పోయకండి, గొట్టం పగులుతుంది.

అసలు దెబ్బ అక్కడ తగలలేదు. మరుసటి ఏడు బాయిలర్ లోపల భాగం పాడైతే తయారీదారుకు ఫోను చేశాను. వారంటీ ఏడేళ్ళు కదా అని ధీమాగా ఉన్నాను. వాళ్ళు అడిగిన మొదటి మాట, పుస్తకం చివర ఉన్న బెంచ్‌మార్క్ పేజీ ఫొటో పంపమని. తీసి చూస్తే ఆ పేజీ మీద ఒక్క గీత కూడా లేదు. బాయిలర్ బిగించిన రోజున కొలిచిన గ్యాస్ ఒత్తిడి, పొగ పరీక్ష, వ్యవస్థ కడిగిన వివరాలు అన్నీ అందులో రాసి సంతకం చేయాలట. సంస్థకు ఫోను చేస్తే ఎత్తలేదు. అదృష్టం కొద్దీ అడ్వాన్సు 300 పౌండ్లు క్రెడిట్ కార్డు మీద కట్టాను. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలో 75వ సెక్షను ఉంది; పని విలువ 100 పౌండ్లకు మించి 30,000 దాటకుండా ఉంటే, అందులో కొంత భాగమే కార్డు మీద కట్టినా మొత్తం పనికి బ్యాంకు కూడా బాధ్యత వహించాలి. ఆ దారిన నాలుగు నెలలు ఉత్తరాలు రాసి మరమ్మతు ఖర్చు రాబట్టాను. కాబట్టి ఎవరికి అప్పగించినా మొదటి వాయిదా క్రెడిట్ కార్డు మీదే కట్టండి, మొత్తం డబ్బు పని పూర్తికాకుండా ఇవ్వకండి.

హౌన్స్లో_చెల్లెమ్మ | నవంబరు 10, సాయంత్రం 6:45

మేము అద్దెకు ఉంటున్నాం. మా ఇంటి యజమాని బాయిలర్ మార్చడానికి తన బంధువును తీసుకువస్తానంటున్నారు, ఆయన ఇళ్ళకు రంగులు వేస్తారు. నేను కార్డు అడిగితే మర్యాదగా ఉంటుందా? పైగా నిన్నటి నుంచి వంటింట్లో అప్పుడప్పుడు ఏదో వాసన వస్తున్నట్టు అనిపిస్తోంది.

పైపుల_పంతులు | నవంబరు 10, సాయంత్రం 6:52

చెల్లెమ్మా, మొదట వాసన సంగతి. ఇది చదవగానే కిటికీలు తెరిచి, మీటరు దగ్గర గ్యాస్ మీట కట్టేసి, లైటు స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 0800 111 999కి ఫోను చేయండి. రాత్రింబవళ్ళు పనిచేసే గ్యాస్ అత్యవసర నంబరు అది, వచ్చి చూసినందుకు డబ్బు తీసుకోరు. అనుమానమే కదా అని ఆగకండి.

ఇక కార్డు అడగడంలో అమర్యాద ఏమీ లేదు, మాకు అలవాటే. 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం అద్దె ఇంట్లో గ్యాస్ పరికరాలను ఏడాదికొకసారి రిజిస్టరులో ఉన్న ఇంజనీరుతో పరీక్ష చేయించి, ఆ పత్రాన్ని 28 రోజుల్లోగా మీకు ఇవ్వడం యజమాని బాధ్యత. మీరు కొత్తగా చేరుతున్నట్లయితే చేరకముందే ఇవ్వాలి. నమోదు లేని మనిషి బాయిలర్ మార్చడం నేరం, ఆయన ఎవరి బంధువైనా సరే.

హౌన్స్లో_చెల్లెమ్మ | నవంబరు 10, రాత్రి 9:10

వచ్చి చూశారు. పొయ్యి వెనక గొట్టం బిగింపు దగ్గర లీకు అట. పొయ్యికి గ్యాస్ కట్టేసి ఎర్ర చీటీ కట్టి వెళ్ళారు. ఆ చీటీ ఫొటో యజమానికి పంపాను. పది నిమిషాల్లో ఫోను చేసి, రిజిస్టరులో ఉన్నవారినే పిలిపిస్తానన్నారు. చాలా కృతజ్ఞతలు అన్నయ్యా.

లెస్టర్_లెక్కలమాస్టారు | నవంబరు 11, ఉదయం 11:00

కాంబియా, సిలిండరా అన్నది లెక్క వేస్తే తేలిపోతుంది. చలికాలం ఇక్కడ కుళాయి నీళ్ళు సుమారు 5 డిగ్రీలు ఉంటాయి, స్నానానికి 40 కావాలి, అంటే 35 డిగ్రీలు పెంచాలి. బాయిలర్ కిలోవాట్లను 14.3తో గుణించి 35తో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్ల వేడినీళ్ళు వస్తాయో తెలుస్తుంది. 24 కిలోవాట్లకు పది లీటర్లకు కాస్త తక్కువ. 30 కిలోవాట్లకు పన్నెండు లీటర్ల పైచిలుకు. కొత్తకాపు గారి కుళాయి ఇచ్చేదే పదకొండు లీటర్లు. ఒక స్నానాల గదికి ఇది దివ్యంగా సరిపోతుంది. రెండు గదుల్లో ఒకేసారి షవరు తిప్పితే ఇద్దరికీ ఐదున్నర లీటర్లే. అత్తగారు ఉదయం స్నానం చేస్తున్న సమయంలో అల్లుడు కూడా షవరు తిప్పితే ఏం జరుగుతుందో నేను రాయనక్కర లేదు.

ఇల్లు వేడిచేయడం వేరే లెక్క. నిరుడు మా ఇంటి స్మార్ట్ మీటరులో అన్నిటికంటే చలిగా ఉన్న రోజు చూశాను: వంటకూ, నీళ్ళకూ, ఇంటి వెచ్చదనానికీ కలిపి 160 యూనిట్లు. 24 గంటలతో భాగిస్తే ఏడు కిలోవాట్లు కూడా లేదు. మాదీ మూడు పడకగదుల ఇల్లే. అటువంటి ఇంటికి 35 కిలోవాట్ల బాయిలర్ అమ్మజూపినవాడు రైస్ మిల్లు మోటారు తెచ్చి ఇంటి మిక్సీకి బిగించినట్టే.

పైపుల_పంతులు | నవంబరు 11, రాత్రి 8:30

మాస్టారూ, లెక్క బాగుంది, అందులో ఒక సవరణ. కాంబిలో పెద్ద సంఖ్య వేడినీళ్ళ కోసం పెడతారు. రేడియేటర్లకు ఇచ్చేటప్పుడు దాన్ని తగ్గించి అమర్చవచ్చు. అందుచేత గరిష్ఠ శక్తితో పాటు ఆ బాయిలర్ ఎంత తక్కువ మంటతో నిలకడగా మండగలదో కూడా అడగాలి. కొన్ని 3 కిలోవాట్ల దాకా దిగుతాయి, కొన్ని 7 దగ్గరే ఆగిపోతాయి. ఏడు దగ్గర ఆగేది, ఇంటికి నాలుగు చాలిన రోజున, వెలగడం ఆరడం వెలగడం ఆరడంతోనే సరిపెడుతుంది. గ్యాసూ వృథా, భాగాలూ త్వరగా అరుగుతాయి.

ఇంకొకటి. కండెన్సింగ్ బాయిలర్ తన పేరుకు తగ్గట్టు పనిచేయాలంటే రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే తక్కువ ఉండాలి. చాలామంది ఇంజనీర్లు 75, 80 డిగ్రీల మీద వదిలేసి వెళ్ళిపోతారు. ఆ వేడిలో బాయిలర్ మంచిదే అయినా పాతదానిలాగే మండుతుంది. నీళ్ళ ఉష్ణోగ్రత ఎంతకు పెడతారు, బయటి చలిని బట్టి అదే సర్దుకునే ఏర్పాటు పెడతారా అని అడగండి. ఇంగ్లండులో 2018 ఏప్రిల్ నుంచి కాంబి పెట్టేటప్పుడు అటువంటి అదనపు ఏర్పాట్లలో ఒకటి ఉండాలనే నిబంధన కూడా ఉంది. ఆ ప్రశ్నకు తడుముకునే మనిషి బాయిలర్‌ను గోడకు బిగించగలడేమో గాని దాన్ని సరిగ్గా నడిపించలేడు.

ఎడిన్‌బరో_చలిగాలి | నవంబరు 12, ఉదయం 9:15

ఇంత ఖర్చు పెడుతున్నప్పుడు బాయిలర్ బదులు హీట్ పంపు, అంటే బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే కరెంటు యంత్రం, గురించి ఎందుకు ఆలోచించకూడదు? ఇంగ్లండు, వేల్సుల్లో 7,500 పౌండ్ల సహాయం ఇస్తున్నారు కదా. మా స్కాట్లాండుకు వేరే పథకం ఉంది.

పైపుల_పంతులు | నవంబరు 12, మధ్యాహ్నం 1:05

ఆలోచించవలసిన విషయమే. 2023 అక్టోబరు నుంచి ఆ మొత్తం 7,500 అయింది, దానికి ఎంసీఎస్ అనే, హీట్ పంపుల వంటివి బిగించే సంస్థలకు ఇచ్చే ధ్రువీకరణ ఉన్న సంస్థే చేయాలి, గ్యాస్ కార్డు అక్కడ పనికిరాదు. అయితే ఇంటి వేడి నష్టం లెక్కించడం, రేడియేటర్లు మార్చడం, దరఖాస్తు అన్నీ కలిపి నాలుగు వారాల్లో తేలే పని కాదు. ఆగిపోతున్న బాయిలర్‌తో, పెద్దవాళ్ళు వస్తున్న ఇంట్లో, నేనైతే ఈసారికి బాయిలరే పెట్టిస్తాను. సిలిండరు అలమరను మాత్రం ఖాళీ చేయకండి. ఇప్పుడున్న సిలిండరు రేపు హీట్ పంపుకు పనికి రాకపోవచ్చు, లోపలి తీగచుట్ట చిన్నదిగా ఉంటుంది. కాని ఆ స్థలం మిగిలి ఉండడమే అసలు సంగతి. కాంబి పెట్టి ఆ అలమరలో బట్టల అరలు కట్టించుకున్న వాళ్ళు పదేళ్ళ తరువాత చోటు కోసం ఇల్లంతా వెతుక్కుంటున్నారు.

ఈస్ట్‌హామ్_ఫ్లాటు | నవంబరు 12, రాత్రి 10:40

మాది నాలుగవ అంతస్తు ఫ్లాటు, లీజు ఆస్తి. పొగగొట్టం వేరే గోడ నుంచి తీయాలంటున్నారు. మేమే నిర్ణయించుకోవచ్చా?

పైపుల_పంతులు | నవంబరు 13, ఉదయం 6:50

బయటి గోడ మీ సొంతం కాదు, కాబట్టి రంధ్రం వేయకముందే భవన యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పొగగొట్టం సీలింగు లోపలి నుంచి పోతున్నట్లయితే అతుకులు కనబడేలా తనిఖీ తలుపులు ఉండాలి. అవి లేకపోతే మంచి ఇంజనీరు ఆ బాయిలర్‌ను కట్టేసి వెళ్తాడు, అలా చేసినందుకు ఆయన మీద కోప్పడకండి.

రీడింగ్_కొత్తకాపు | నవంబరు 14, రాత్రి 9:00

మీరందరూ చెప్పిన ప్రశ్నలు రాసుకుని ముగ్గురికీ ఫోను చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి ఆయన్ను లైసెన్సు నంబరు అడగగానే, మా పార్ట్‌నర్ నంబరు ఇస్తాను రాసుకోండి అన్నారు. ఆ నంబరు రిజిస్టరు వెబ్‌సైటులో వెతికితే ఒక సంస్థ పేరు, దాని కింద ఒక ఇంజనీరు పేరు వచ్చాయి. ఈయన పేరు అందులో లేదు. పనికి ఎవరు వస్తారు అంటే, నేనే వస్తాను, ఆయన తరువాత సంతకం పెడతాడు అన్నారు. నమస్కారం చెప్పి పెట్టేశాను.

ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. గ్యాస్ గొట్టం మార్చవలసి వస్తే 420 అదనం, చిన్న ట్యాంకు తీయడం అదనం, పాప గదికి పెద్ద రేడియేటర్ అదనం అని ఒక్కొక్కటే చెబుతుంటే కూడుతూ పోయాను. మొత్తం 3,400 దాటింది. మూడవ ఆయన 3,150లో వ్యాట్‌తో సహా ఇవన్నీ ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువనుకున్నది చివరికి తక్కువే అని తేలింది.

మూడవ ఆయన ఇంకొక మాట కూడా ముందుగానే చెప్పారు. ఇప్పటిదాకా మా రేడియేటర్ల నీరు అటక మీది చిన్న ట్యాంకు బరువుతో నడిచింది, కొత్త పద్ధతిలో మూసిన గొట్టాల్లో ఒక బారు పైన ఒత్తిడి ఉంటుంది. ఇరవై ఏళ్ళ పాత బిగింపుల్లో ఒకటో రెండో కారవచ్చు, కారితే వచ్చి బిగిస్తాను అన్నారు. 18 కిలోవాట్ల బాయిలర్ పెడతారు. సిలిండరు, పెద్ద ట్యాంకు అలాగే ఉంటాయి. కుళాయి ఒత్తిడితో నడిచే కొత్తరకం సిలిండరు కావాలంటే దానికి జీ3 అనే వేరే అర్హత కావాలనీ, అది తనకు ఉందనీ, అయితే మాకు ఇప్పుడు అవసరం లేదనీ చెప్పారు. అవసరం లేదని చెప్పే మనిషిని చూసి నాకు ధైర్యం వచ్చింది. నవంబరు 25న మొదలు.

స్విండన్_సందేహం | నవంబరు 15, ఉదయం 8:20

ఒక్క మాట వేరుగా చెప్పాలి. నేను అటువంటి ఇంటర్నెట్ కంపెనీ ద్వారానే చేయించుకున్నాను, వచ్చిన అమ్మాయి అద్భుతంగా పనిచేసింది. గొట్టం చాలదని తెలిసి, ఆ రోజు పని ఆపి, ఫొటోతో సహా కంపెనీకి రాసి, వాళ్ళ ఖర్చుతోనే మార్పించింది. ఇంటికి వచ్చి ధర చెప్పినవారంతా మంచివారని, ఫొటో చూసి చెప్పినవారంతా మోసగాళ్ళని అనుకోవడం సరికాదు.

పైపుల_పంతులు | నవంబరు 15, మధ్యాహ్నం 12:40

ఒప్పుకుంటున్నాను. ఆ అమ్మాయి పని మొదలుపెట్టకముందు కొలిచింది, చాలదని తేలగానే ఆగింది. నేను అడుగుతున్నదీ అదే. నాకు తెలిసిన ఒకాయన ఇంటికి వచ్చి గంటసేపు కబుర్లు చెప్పి, టీ తాగి, టేపు జేబులోంచి తీయకుండానే ధర చెప్పి వెళ్తాడు.

రీడింగ్_కొత్తకాపు | నవంబరు 27, రాత్రి 10:10

పని నిన్న సాయంత్రం పూర్తయింది, రెండు రోజులు పట్టింది. మొదటి రోజు ఉదయం గడపలోనే ఆయన కార్డు తీసి, నేను అడగకుండానే వెనక్కి తిప్పి చూపించారు. పాత నీరు వదిలినప్పుడు బకెట్టులో పడింది చూసి మా ఆవిడ కాఫీ డికాక్షను అనుకుంది. ఆయన అందులో అయస్కాంతం ముంచి తీస్తే నల్లటి బురద జడలా వేలాడుతూ వచ్చింది. రేడియేటర్ల లోపలి ఇనుమే తుప్పు పట్టి అలా అవుతుందట. మధ్యాహ్నం అంతా ఒక్కొక్క రేడియేటర్‌నూ విడివిడిగా కడిగి, నీళ్ళు తేటబడ్డాక తుప్పు పట్టనివ్వని మందు కలిపారు. తిరుగు గొట్టానికి అయస్కాంతపు ఫిల్టరు బిగించి, ఏటా సర్వీసులో దీన్ని శుభ్రం చేయించమన్నారు.

రెండవ రోజు బాయిలర్ వెలిగించాక ఒక చిన్న యంత్రం గొట్టాన్ని పొగదారిలో పెట్టి, బాయిలర్ పూర్తి మంటతో ఉన్నప్పుడూ, సన్నని మంటతో ఉన్నప్పుడూ కొలిచారు. కార్బన్ మోనాక్సైడుకూ, కార్బన్ డయాక్సైడుకూ ఉన్న నిష్పత్తి 0.004 కంటే తక్కువ ఉండాలట. చీటీ మీద 0.0008 అని వచ్చింది. ఆ చీటీని బెంచ్‌మార్క్ పేజీకి అంటించి, అన్ని గళ్ళూ నింపి, నా చేత కూడా సంతకం చేయించారు. మిల్టన్ కీన్స్ మామగారూ, మీ కథ గుర్తుకు వచ్చి అప్పటికప్పుడే ఫొటో తీసి పెట్టుకున్నాను. కండెన్సేట్ గొట్టం బయటికి పోకుండా లోపలి నుంచే వంటింటి సింకు గొట్టంలో కలిపారు. వంటింట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టి మోగించి చూపించారు. కొత్త బాయిలర్ పెట్టినప్పుడు అది ఉండాలని 2022 నుంచి నిబంధనట.

నీళ్ళ ఉష్ణోగ్రత రేడియేటర్లకు 60 దగ్గర పెట్టారు. ముందు రేడియేటర్ ముట్టుకుంటే చెయ్యి కాలేది, ఇప్పుడు కాలడం లేదు, తక్కువైందేమోనని అడిగాను. రేడియేటర్ సంగతి వదిలేసి గది చూడమన్నారు. పాప గది 20 డిగ్రీలు ఉంది.

థేమ్స్_ఒడ్డు | నవంబరు 28, ఉదయం 7:45

శుభం. ఇంకొక కాగితం రావాలి. బాయిలర్ పెట్టిన 30 రోజుల్లోగా ఆయన గ్యాస్ సేఫ్ ద్వారా స్థానిక కౌన్సిలుకు తెలియజేయాలి, దాని మీద మీకు భవన నిబంధనల ధ్రువపత్రం వస్తుంది. ఇల్లు అమ్మే రోజున కొనేవారి లాయరు మొదట అడిగేది దాన్నే. వారంటీ నమోదు కూడా ఆయన చేశారో లేదో విడిగా అడగండి, రెండూ ఒకటి కాదు.

రీడింగ్_కొత్తకాపు | డిసెంబరు 4, రాత్రి 8:50

వారంటీ నమోదు ఈమెయిలు వచ్చింది. ధ్రువపత్రం ఇంకా రాలేదు. అయితే ఒక భయం పట్టుకుంది. ఒత్తిడి ముల్లు వెళ్ళేనాటికి 1.3 దగ్గర ఉంది, ఇవాళ 0.7 చూపిస్తోంది. ఎల్లుండి అత్తగారు వాళ్ళు దిగుతున్నారు.

పైపుల_పంతులు | డిసెంబరు 4, రాత్రి 9:20

కంగారు పడకండి. కొత్తగా నింపిన నీళ్ళలోంచి గాలి విడిపోయి బయటికి పోతుంటే మొదటి వారం కొంత తగ్గడం సహజం. ఆయన చూపించిన నింపే మీట తిప్పి, చల్లగా ఉన్నప్పుడు 1.3కి తెచ్చి, రెండు మీటలూ గట్టిగా కట్టేయండి. రేపు మళ్ళీ తగ్గితే బయటి గోడ మీద రాగి గొట్టం చివర నీరు చుక్కలు పడుతున్నదేమో చూడండి, తరువాత ప్రతి రేడియేటర్ బిగింపు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పండి. బాయిలర్ మూత మాత్రం మీరు విప్పవద్దు, ఆయనకే ఫోను చేయండి.

రీడింగ్_కొత్తకాపు | డిసెంబరు 13, సాయంత్రం 5:30

మా పడకగది రేడియేటర్ కుడివైపు బిగింపు దగ్గర టిష్యూ తడిసింది. 5వ తేదీ ఉదయం ఫోను చేస్తే సాయంత్రం వచ్చి, పాత బిగింపు తీసి కొత్తది వేసి, డబ్బు వద్దన్నారు. ముందే చెప్పాను కదా, ఒకటో రెండో కారతాయని, అని నవ్వారు. ధ్రువపత్రం ఇవాళ పోస్టులో వచ్చింది, ఇంటి పత్రాల సంచిలో పెట్టాను. ముల్లు ఎనిమిది రోజులుగా 1.3 దగ్గరే ఉంది. ఈ ఉదయం అత్తగారు పై గదిలో, మామగారు కింది గదిలో ఒకేసారి స్నానం చేశారు. నీళ్ళు చల్లబడ్డాయని ఎవరూ కేకపెట్టలేదు.